ఆయన పాస్‌వర్డ్

కుక్కర్‌లో పప్పుకు మూడో కూత రాగానే తబిత స్టవ్ కట్టేసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంది. పేజీ ఇంకా సగమే తెరుచుకుంది. గురుకులాల్లో కంప్యూటర్ టీచర్ ఉద్యోగాలకు దరఖాస్తు గడువు సాయంత్రం ఐదింటితో అయిపోతుంది. ఖమ్మంలో ఒకటే ఖాళీ, దానికి వందల మంది. ములకలపల్లిలో మూడు, ఉండటానికి క్వార్టర్ కూడా ఇస్తారు.

"ఖమ్మం ఒక్కటే పెట్టు. అడవిల పోయి ఏం చేస్తవ్? మాకెవరు వండిపెడతరు?" పొద్దున బండి తీస్తూ అన్నాడు భర్త ఎబినేజర్.

అతను కొత్త విండోస్ వేయించిన రోజు నుంచే నెట్ నత్తనడక పట్టింది. ముదిగొండ బడిలో ఏడేళ్లుగా ఇరవై కంప్యూటర్లను తానే బాగుచేసుకుంటూ కాంట్రాక్టు జీతానికి పాఠాలు చెబుతున్న తబితకు కారణం తెలుసుకోవడానికి పావుగంట చాలింది. కొత్త సిస్టం వెనకాల అప్‌డేట్లు దించుకుంటూ లైనంతా మింగేస్తోంది. ఆపబోతే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగింది. ఆ హోదా ఎబినేజర్‌ది. తబిత ఉత్త యూజర్. ఫోన్ చేసింది.

"పాస్‌వర్డ్ చెప్పండి, ఒక్క నిమిషం పని."

"నువ్వే ఏదో నొక్కి ఉంటవ్. ఇంక ముట్టకు. షాపాయన్ని పంపుతున్న."

"వాడు ముట్టొద్దన్నంక మల్లెందుకు? అన్నం పెట్టు, జల్దీ," అంది ఫోన్‌లో కొడుకు మాట విన్న అత్తగారు విశ్రాంతమ్మ. పెట్టింది. గిన్నెలు తోమింది. మూడున్నర దాటాక షాపు నుంచి కిషన్‌లాల్ వచ్చాడు. కూర్చుంటూనే టకటకా పాస్‌వర్డ్ కొట్టాడు.

"సార్ ఫోన్ల చెప్పిండు మేడం."

తబితకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా నీరసం కమ్మింది. తొమ్మిదేళ్లు. అతని టిఫిన్ డబ్బా, అతని తల్లి మోకాళ్లకు నూనె, చర్చి మీటింగు ఉన్నప్పుడల్లా పాతికమందికి టీ, నెల జీతం కవరు విప్పకుండా చేతికివ్వడం. ఇన్ని చేతుల్లో పెట్టిన మనిషికి ఒక చిన్న మాట చెప్పడానికి అతనికి నమ్మకం చాలలేదు. ఎప్పుడో ఒకసారి ఇంటికొచ్చే షాపాయనకు మాత్రం ఫోన్‌లో చెప్పేశాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక ఉండాలి కదా, అదీ లేదు.

కిషన్‌లాల్ మోడెం ఆపి మళ్లీ వేశాడు, వైరు పీకి మళ్లీ పెట్టాడు, తల గోక్కున్నాడు. "ఇది కొత్తది మేడం. నాక్కూడా మంచిగ తెల్వదు."

"కంట్రోల్ పానెల్ తెరవండి. అప్‌డేట్లలో ఆటోమేటిక్ అని ఉంటుంది, అది తీసేయండి," అంది తబిత. అతను నొక్కాడు. పేజీ గబుక్కున తెరుచుకుంది. అంతలో ఎబినేజర్ అతనికి ఫోన్ చేశాడు.

"మేడమే చెప్పింది సార్, నేను నొక్కిన గంతే," అని కిషన్‌లాల్ ఫోన్ ఆమెకిచ్చాడు.

"చూసినవా? తెలిసినోడొస్తే ఐదు నిమిషాల పని," అన్నాడు ఎబినేజర్.

"అవ్," అంది.

కిషన్‌లాల్ వెళ్లాడు. నాలుగున్నర. ఫారం మొదటి గడిలో ములకలపల్లి అని రాసింది. రెండో గడి ఖాళీగా వదిలేసింది. పంపించింది.

"అయిందా? ఖమ్మమే కదా?" వెనకనుంచి విశ్రాంతమ్మ.

"కాదత్తమ్మా. ములకలపల్లి."

ముసలామె కుర్చీ పట్టుకుని తెర మీదికి వంగింది. "వాణ్ణడిగినవా?"

"అడగలేదత్తమ్మా. ఇంటికొచ్చినంక చెప్త."