రెండో చిల్లి

కన్నాల డాక్టరు బతుకంతా పరాయివాళ్ళ పొగ మీదే నడిచింది. రఫ్ఫు పని ఆయనది, అందుకే ఊళ్ళో ఆ పేరు. బట్టకు చిల్లి పడితే, ఆ బట్ట అంచు మడతలోంచే నాలుగు దారాలు లాగి, నేతలో నేతగా అల్లి, చిల్లి పడ్డ సంగతి బట్టే మరిచిపోయేలా చేస్తాడు. ఆ రోజుల్లో చిల్లులకు కరువా! బస్సులో ‘పొగ తాగరాదు’ అన్న బోర్డు కిందే కండక్టరు అగ్గిపుల్ల గీసేవాడు. ఆయాసమని వెళ్తే అసలు డాక్టరుగారు నోట్లో సిగరెట్టు ఓ పక్కకు జరుపుకుని, గుండెకు గొట్టం ఆనించి, ఊపిరి గట్టిగా పీల్చమనేవాడు. పీలిస్తే ఆయన పొగే లోపలికి పోయేది. సినిమా హాల్లో తెర మీద వాన కురవకపోయినా తల మీద మబ్బు మాత్రం ఉండేది. ఇంతమంది ఇన్ని నిప్పులు చేతబట్టుకుని ఒకరినొకరు రాసుకుంటూ తిరుగుతుంటే జేబులూ మోచేతులూ శాలువాలూ కాలక ఏమవుతాయి? ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. మన డాక్టరు అంత చెడ్డవాడు కాదు గానీ, సోమవారం పొద్దున్నే గుమ్మంలో కాలిన ప్యాంట్లు వరసకడితే మాత్రం లోలోపల ఓ ఈల వేసుకునేవాడు.

ఇప్పుడా వైభవం లేదు. వీధిలో ఎవడైనా సిగరెట్టు ముట్టిస్తే జనం పామును చూసినట్టు చూసి తప్పుకుంటున్నారు. మంచిదే, ఎవరు కాదన్నారు? రఫ్ఫుకు వచ్చేవి మాత్రం పురుగు కొట్టినవీ, మేకుకు చిరిగినవీ అయిపోయాయి. కొట్టు గోడ మీద బోర్డు అలాగే ఉంది: ‘మా చేతిలో బట్ట చెడదు’. కొట్టు తెరిచిన రోజు తనే రాసి తగిలించుకున్నాడు. వచ్చినవాళ్ళకి కుర్చీ కన్నా ముందు ఆ బోర్డే చూపిస్తాడు.

ఓ మధ్యాహ్నం ఒక పెద్దావిడ, ఆవిడ వెనకే గొడుగు పట్టుకుని ఆవిడ భర్త, కొట్టు మెట్లెక్కారు. ఆవిడ సంచీలోంచి బూడిదరంగు ఉన్ని కోటు తీసి బల్ల మీద పరిచింది. కాలరు దగ్గర పురుగు కొట్టిందట. మనవరాలికి ఉద్యోగం వచ్చిందట, మొదటిరోజు తాత కోటే వేసుకుని వెళ్తానని పట్టుబట్టిందట. డాక్టరు అలవాటు ప్రకారం భూతద్దం పట్టుకుని కోటు తిరగేశాడు. లోపల అస్తరు గుడ్డ వెయ్యని కోటు. రఫ్ఫు బయటికి కనబడదు గానీ లోపలివైపు దారాల మొనలు దాగవు. మోచేతి దగ్గర ఒకటి కనబడింది. కింది అంచు దగ్గర ఇంకొకటి. రెండూ తన పనే. రెండోది చూడగానే ఆయన చెవులు వేడెక్కాయి.

ఆవిడ అదేం గమనించలేదు. పాత రఫ్ఫుల మీద వేలు పెట్టి కథ మొదలుపెట్టింది. పెళ్ళయిన కొత్తలో సినిమాకు వెళ్తే ఈయన సిగరెట్టుతో తన కోటు మోచెయ్యి తనే కాల్చుకున్నాడట. ఇక జన్మలో ముట్టనని అక్కడికక్కడే ఒట్టేశాడట. ఆ వారంలోనే ఈయన కోటు తెచ్చి ఇక్కడే బాగుచేయించుకున్నాడట. తీరా ఇంటికొచ్చాక తిరగేసి చూస్తే రఫ్ఫులు రెండు.

“వారం కూడా ఆగలేదు అన్నయ్యగారూ, ఒట్టు తీసి గట్టున పెట్టారు,” అంది ఆవిడ నవ్వుతూ. “తను కాల్చలేదంటారు. మరి కోటే కాల్చుకుందా? నిప్పు లేందే పొగ వస్తుందా? నలభై రెండేళ్ళనుంచి ఈయనేం మాటిచ్చినా ఈ అంచు చూపిస్తాను, నోరు పడిపోతుంది.”

భర్త గొడుగు కొసతో నేల మీద ఏదో గీస్తున్నాడు. రోజూ పడే వానకి ఎవరూ తల ఎత్తి చూడరు కదా, అలా ఉన్నాడాయన.

డాక్టరుకు అంతా గుర్తుంది. కొట్టు తెరిచి మూడో నెల. అప్పట్లో పెదవి మీద సిగరెట్టు లేనిదే సూది కదిలేది కాదు. మోచేతి చిల్లి పూడ్చి, వెలుతురుకు ఎత్తి చూస్తే ఎక్కడ పూడ్చాడో తనకే దొరకలేదు. ఆ పనితనానికి మురిసిపోయి నోరు తెరిచాడు. సిగరెట్టు జారి అంచు మీద పడింది. అదీ పూడ్చి, కిక్కురుమనకుండా ఇచ్చేశాడు. నాలుగు రోజులకు కోటు తెచ్చిన కుర్రాడు, ఇప్పుడు గొడుగు పట్టుకున్న ఈయనే, మళ్ళీ వచ్చి, రెండో చిల్లి ఎక్కడిదండీ అని మర్యాదగా అడిగాడు. డాక్టరు బోర్డు చూపించి, మీరు తెచ్చినవే పూడ్చానని కసిరాడు. బట్ట కాల్చిన రఫ్ఫువాడి కొట్టుకు మళ్ళీ ఎవరొస్తారు? ఆ రోజునుంచి సూది పట్టిన చేత్తో సిగరెట్టు పట్టలేదు. దాంతో చెల్లుకు చెల్లు అనుకున్నాడు.

ఇప్పుడూ ఊరుకోవచ్చు. అడిగేవాళ్ళు లేరు. కాలరు చూసి, రేపు రమ్మంటే సరిపోతుంది. కానీ ఎదురుగా ఆ గొడుగు నేల మీద గీస్తూనే ఉంది.

“అమ్మా,” అన్నాడు డాక్టరు భూతద్దం పక్కన పెట్టి. “ఆ రెండో చిల్లి ఆయనది కాదు. నాది.”

సిగరెట్టు జారిన సంగతంతా చెప్పాడు. భర్త లేచి నిలబడ్డాడు.

“నేనొచ్చి అడిగాను కదండీ,” అన్నాడు మెల్లిగా.

“అడిగారు. అబద్ధం చెప్పాను. భయపడ్డాను. నన్ను క్షమించండి.”

ఆవిడ పట్టుకున్న కోటు అంచు వదిలి భర్త వైపు తిరిగింది. “అయితే నిజంగానే మానేశారా? ఒక్కటి కూడా తాగలేదా?”

“చాలాసార్లు చెయ్యి లాగింది. నువ్వెలాగూ నమ్మవు, తాగితే ఏం పోయిందిలే అనిపించేది. కానీ ఒక్కటి ముట్టించినా నీ మాటే నిజమైపోతుంది. అందుకని తాగలేదు.”

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. తప్పు నాదేనండీ, అంది. ఆయన పోనీలే అన్నాడు. నలభై రెండేళ్ళుగా ఆ మాట కోసం కాచుకున్న మనిషి, తీరా అది వచ్చేసరికి ఏం చెయ్యాలో తెలియక గొడుగు కొట్టు లోపలే విప్పేశాడు. ఆవిడ దాన్ని మూసి, తనే పట్టుకుని, ఆయన చెయ్యి అందుకుని మెట్లు దిగింది.

“ఇంక నేనేం పట్టుకుని పోట్లాడనూ?” అంటోంది దిగుతూ.

“వెతుక్కుందువుగాని, తొందరేముంది,” అన్నాడాయన.

వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి, కన్నాల డాక్టరు స్టూలెక్కి బోర్డు దించాడు. దుమ్ము తుడిచి, ‘మా చేతిలో బట్ట చెడదు’ అన్న దాని కింద, బట్ట మీద గీతలు గీసే సుద్దతో ‘ఒక్కసారి తప్ప’ అని రాసి, మళ్ళీ అదే మేకుకు తగిలించాడు.