బాబాయ్ పోసిన సబ్బునీళ్లు

ఆ వీధిలో అందరూ ఆమెను డిగ్రీ అని పిలిచేవారు. మొదట్లో అది వేళాకోళం. టైలర్ గారింట్లో, ఆ మాటకొస్తే వాళ్ల వంశం మొత్తంలో, కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. పోనుపోను అదే పేరైపోయింది. మందు సీసా మీద చిన్న అక్షరాలు చదవాలన్నా, ఆఫీసుకు అర్జీ రాయాలన్నా "డిగ్రీని పిలవండి" అనేవారు. చదివింది మొక్కల గురించి కాబట్టి వీధి ఫోన్ గ్రూపులో ఆదివారాలు తోటపని సలహాలు పెట్టేది.

చివరిసారి పెట్టిన సలహా ఇది: "ఎండుటాకులు తగలబెట్టకండి. కత్తిరించిన కొమ్మలు వీధి చివర పడేయకండి. కోసిన గడ్డిని కాస్త ఆరబెట్టి మొక్కల మొదళ్ల చుట్టూ పలచగా పరచండి. కాండానికి మాత్రం తగలనివ్వకండి. తడి తొందరగా ఆరదు, కలుపు లేవదు."

చెప్పి ఊరుకునే మనిషి కాదు. ఇళ్ల ముందున్న ఉమ్మడి పచ్చికను వాళ్ల నాన్నే కోసేవాడు. ఆ గడ్డిని రెండు గోతాల నిండా కుక్కి, పక్కింటి పెరట్లోకి తనే మోసుకెళ్లి, టమాటా మొక్కల కిందా చిక్కుడు పందిరి కిందా ముచ్చటగా పరిచి వచ్చింది. పక్కింటి పిన్ని మురిసిపోయింది. "కన్నపిల్లలు కూడా ఇంత చేయరే" అంది.

కొన్నాళ్లకు ఆ పెరట్లోంచే పిన్ని కేకలు వినిపించాయి.

"మొక్కల్ని చంపేశారు కదా! నిక్షేపంలా ఉన్నవాటికి సబ్బునీళ్లు పోస్తారా ఎవరైనా?"

"గిన్నెలు తోమినవి ఒక్క చెంబే పోశానే. నీళ్లు వృథా చేయొద్దన్నావని..."

"నేను అన్నానా? బస్సుకు కూడా సబ్బునీళ్లు తాగించే నడిపారా ముప్పై ఏళ్లు?"

పిన్ని భర్త బాబాయ్ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో పిన్ని ఆయనకు అప్పగించిన పని ఒక్కటే, మొక్కలకు నీళ్లు పెట్టడం. దాన్ని కూడా డ్యూటీలాగే చేసేవాడు. తెల్లారగానే పైపు అందుకుని, స్టాపు స్టాపుకూ ఆగినట్టు మొక్క మొక్క దగ్గరా ఆగి వెళ్లేవాడు.

డిగ్రీ వెళ్లి చూసింది. టమాటా చిగుళ్లు తాళ్లలా మెలితిరిగాయి. చిక్కుడాకులు గిన్నెల్లా ముడుచుకున్నాయి. వాటి మధ్యలో ఉన్న మొక్కజొన్న మాత్రం చీకూచింతా లేకుండా పచ్చగా నిలబడి ఉంది. దాన్ని చూడగానే ఆమెకు సంగతి అర్థమైంది. వెడల్పాకు మొక్కల్నే పట్టి, మొక్కజొన్నలాంటి గడ్డిజాతిని వదిలేసేది సబ్బు కాదు. అది కలుపు మందు. పచ్చికలో వెడల్పాకు కలుపు ఎక్కువైందని నాన్న కొట్టిన మందు, కోసిన గడ్డితో పాటు ఇక్కడికి వచ్చింది. ఆ డబ్బా చేతికిచ్చి "ఎంత కలపాలో చూసిపెట్టు అమ్మలూ" అని నాన్న అడిగితే, కొలత వరకు చదివి చెప్పి, బయట ఆటో ఆగిందని డబ్బా అక్కడే పెట్టి పరుగెత్తింది. ఆ కింద ఇంకా చాలా ఉంది, మందు కొట్టిన గడ్డిని మొక్కల మొదట్లో వేయకూడదన్నది కూడా అందులోనే ఉండి ఉంటుంది.

"నువ్వు చెప్పమ్మా, చదువుకున్నదానివి" అన్నాడు బాబాయ్. "సబ్బునీళ్లకే పోయాయంటావా?"

అటు గోడకు ఆవల నాన్న గొంతు వినిపిస్తోంది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన వాళ్లతో చెబుతున్నాడు. "మా అమ్మాయి ఒక మాట చెప్పిందంటే వీధికంతా అదే మాటండీ."

"అయ్యుండొచ్చు బాబాయ్" అంది డిగ్రీ.

అంతే. ఆ రోజు నుంచి పైపు పిన్ని చేతికి వెళ్లింది. బాబాయ్ పెరటి గడప మీదే కూర్చునేవాడు, పెరట్లో కాలు పెట్టేవాడు కాదు. "ఆ మూల తడవలేదే" అని ఒకసారి అంటే, పిన్ని వెనక్కి తిరిగి చూసిన చూపుకు మళ్లీ నోరెత్తలేదు. డిగ్రీ కనిపిస్తే మాత్రం నవ్వేవాడు. ఆ నవ్వు తప్పించుకోవడానికి ఆమె వీధి చివరి నుంచి చుట్టు తిరిగి వచ్చేది.

ఒకవేళ తన అనుమానమే తప్పేమో అన్న ఆశ ఒకటి మిగిలింది. ఇంటి వెనక మిగిలిన గడ్డిని మట్టిలో కలిపి ఒక కుండీలో, ఉత్త మట్టి పోసి ఇంకో కుండీలో చిక్కుడు గింజలు నాటింది. ఉత్త మట్టిలోవి చేతులు చాచినట్టు లేచాయి. గడ్డి కలిపినవి మెడ విరిగినట్టు వంగి వచ్చాయి. నాన్న చూసి "ఇదేం ప్రయోగం అమ్మలూ?" అన్నాడు సంబరంగా. ఏమీ లేదని కుండీని గోడ వెనక్కి జరిపింది.

మర్నాడు బాబాయే వాళ్లింటికి వచ్చాడు. చేతిలో గిన్నెలు తోమే సబ్బునీళ్ల సీసా.

"ఇది కాస్త చదివిపెట్టమ్మా. కళ్లజోడు పెట్టుకున్నా చీమల బారులా కనిపిస్తోంది. మొక్కలకు పోయకూడదని ఎక్కడైనా రాశాడా?"

"ఎందుకు బాబాయ్ ఇప్పుడు?"

"రాసుంటే మీ పిన్నికి చూపించి, తప్పు నాదేనని పూర్తిగా ఒప్పేసుకుంటా. ఒక్క చెంబుకు అన్ని మొక్కలు ఎలా పోయాయా అని నాలో నేనే వాదించుకోలేక చస్తున్నా. బండి తోలినన్నాళ్లూ ఒక్క మనిషికి దెబ్బ తగలనివ్వలేదు. చివరికి మొక్కల దగ్గర..."

ఆమె సీసా అందుకుని చదివింది. ఈసారి చివరి అక్షరం దాకా చదివింది. పిల్లలకు అందనివ్వకూడదు, కళ్లలో పడితే కడుక్కోవాలి. ఇంకేమీ లేదు.

"దీంట్లో ఏమీ లేదు బాబాయ్. మీ తప్పు లేదు. నేను పరిచిన గడ్డి వల్ల పోయాయి."

పిన్ని దగ్గరకు కూడా వెళ్లి, వంగిన మొలకల కుండీ ముందు పెట్టి, కలుపు మందు సంగతంతా చెప్పింది. పిన్ని కుండీని చూసింది, గడప మీదున్న మొగుణ్ణి చూసింది.

"మరి ఈయన్ని నేను అన్నేసి మాటలన్నానే! నువ్వు పక్కనే ఉన్నావుగా!"

పిన్ని లోపలికెళ్లి రెండు ఖాళీ గోతాలు తెచ్చి ఆమె ముందు పడేసింది. "పరిచినదానివి నువ్వే ఎత్తు."

"ఎరువుకుప్పలో వేయకూడదు పిన్నీ, ఎరువులో కూడా విషం ఉండిపోతుంది. ఎక్కడ కోసిందో ఆ పచ్చిక మీదే చల్లేస్తాను. గ్రూపులో కూడా రాస్తాను, ఎవరూ ఆ గడ్డి వాడొద్దని. నా పొరపాటని కూడా రాస్తాను."

"రాయి. మీ నాన్నకు ముందు చెప్పు."

వంగి గడ్డి ఎత్తుతుంటే, చాలా రోజుల తర్వాత బాబాయ్ గడప దిగి వచ్చాడు. గోతం మూతి విప్పి పట్టుకున్నాడు. తిడితే బాగుండు అనుకుంది. ఆయన తిట్టలేదు.

"క్షమించండి బాబాయ్."

"గడ్డి సంగతి తెలియక చేశావమ్మా, దానికేముంది" అన్నాడు గోతం లోపలికి చూస్తూ. "ఆ రోజు అయ్యుండొచ్చు అన్నావు చూడు. అది తెలిసే అన్నావు."

ఆమె ఇంకో గుప్పెడు గడ్డి ఎత్తి గోతంలో వేసింది. గోతం నిండింది.

"మళ్లీ చిక్కుడు ఎప్పుడు వేసుకోవచ్చు?" అని అడిగాడు చివరికి.

నాలుక చివర ఏదో ఒక జవాబు సిద్ధంగానే ఉంది. దాన్ని మింగింది. "నాకు తెలియదు బాబాయ్. మళ్లీ కుండీలో ఈ మట్టితో మొలకలు వేసి చూసి చెప్తాను. అవి తిన్నగా లేస్తేనే."

ఆయన తలూపాడు. వెనక నుంచి పిన్ని పైపు ఈడ్చుకొచ్చి ఆయన చేతిలో పెట్టింది. "మొక్కజొన్నకు పెట్టండి. ఆ మూల నిజంగానే తడవలేదు."

డిగ్రీ గోతం భుజానికెత్తుకుంది. గోడకవతల కుట్టుమిషను చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. అది ఆగేలోపే నాన్నకు చెప్పేయాలని అటు నడిచింది.