ఒక చుక్క నూనె

జిప్పు సగంలో ఆగిపోయింది.

బయట మబ్బు. తలుపు సందులోంచి తడిమట్టి వాసన. మంచంమీద చెల్లెలి సంచి — చీరలు, తువ్వాలు, నర్సు బట్టలు, అడుగున కాగితంలో చుట్టిన చెప్పులు. ఇంకా బోలెడు ఖాళీ ఉంది. ఖాళీ ఉండగానే జిప్పు మొరాయించింది.

అక్క కుట్టుమిషను సొరుగులోంచి నూనెబుడ్డి తీసింది.

ఒక చుక్క.

జిప్పు జారింది... చప్పుడు లేకుండా.

ఆ ఇంట్లో కీచుమనే ప్రతిదానికీ ఆమె దగ్గర అదే మందు. తలుపు బందులకు ఒక చుక్క. కత్తెరకు ఒక చుక్క. గేటుకు ఒక చుక్క. "మోకాళ్ళు పట్టేసినా మా ఆవిడ అదే వేసుకుంటుంది" అని భర్త నలుగురిలో నవ్వేవాడు.

నవ్వనీ. ఇల్లు మెత్తగా తెరుచుకునేది. మెత్తగా మూసుకునేది.

కారొక్కటే ఆమె మాట వినలేదు.

దాని బ్రేకు కీచుమన్నప్పుడల్లా చెల్లెలి చేతిలో గ్లాసు వణికేది. కిందటి వానల్లో చెల్లెలి భర్త తన కారులో కొండదారి దిగుతుంటే బ్రేకు పడలేదు. అంతే. అప్పటినుంచి చెల్లెలు అక్కగారింట్లోనే ఉంది. చక్కగా కారు నడిపే మనిషి, స్టీరింగు వైపు చూడడమే మానేసింది.

ఇప్పుడు దూరపు ఊళ్ళో ఉద్యోగం. ఇంటింటికీ వెళ్ళి రోగుల్ని చూసే పని. కారు నడపక తప్పదు.

"నా కారు తీసుకుపో, చిన్నమ్మాయ్" అన్నాడు బావ. "బ్రేకు డిస్కులూ ప్యాడ్లూ అన్నీ కొత్తవి వేసిస్తా. ప్రతి ఆదివారం మీరిద్దరూ నా కళ్ళముందు ఉండాలి — నువ్వూ, అదీ."

"మెకానిక్కుకి ఇవ్వచ్చు కదండీ" అంది ఆమె.

"వాడికి నా మరదలెవరో తెలుసా?"

అందుకే పొద్దున్నే ముంగిట్లో జాకీ లేచింది. వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టాడు. ముందు చక్రాలు విప్పాడు. పాత డిస్కులు తుప్పుపట్టి కరుచుకుపోయాయి — సుత్తితో కొట్టి కొట్టి ఊడదీశాడు. పాత ప్యాడ్లు గోరంత మందం మిగిలాయి. వాటిని చేతిలో తిప్పి చూసి, చెల్లెలికి కనపడకుండా జేబులో వేసుకున్నాడు.

కొత్త డిస్కులు గుడ్డతో రుద్ది రుద్ది తుడిచాడు.

"తుప్పు పట్టకుండా వీటికి నూనె పూసి పంపుతారు. అదంతా పోవాలి. జిడ్డుంటే పట్టుండదు. వేలు కూడా పెట్టకూడదు."

"నట్లు మిగలకుండా చూసుకో, బావా. మొన్న ఫ్యానుకి మిగిలాయి."

"ఆ ఫ్యాను తిరగడం లేదూ?"

"తిరుగుతోంది. దాని కింద ఎవరూ పడుకోవడం లేదు."

లోపల జిప్పుతో కుస్తీ పడుతున్న ఆమెకు మాటలు వినపడలేదు. నవ్వు వినపడింది. చెల్లెలి నవ్వు. ఎన్నాళ్ళకు...

ఆ నవ్వును కాపాడుకోవాలనిపించింది.

అదే ఆమె పాపం.

టీ పట్టుకుని బయటికి వచ్చేసరికి ముంగిట్లో ఎవరూ లేరు. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. చెల్లెలు తల దువ్వుకోవడానికి వెళ్ళింది. కుడి చక్రం బిగించి ఉంది. ఎడమవైపు మాత్రం కొత్త డిస్కు, కొత్త ప్యాడ్లు — బోసిగా, చక్రం లేకుండా.

చినుకు పడింది. డిస్కు మీద.

కొత్త ఇనుము. వాన. తుప్పు పడుతుందేమో. మళ్ళీ కీచుమంటుందేమో. చెల్లెలు మళ్ళీ ఉలిక్కిపడుతుందేమో...

నూనెబుడ్డి నడుముకు దోపుకునే ఉంది.

ఒక చుక్క. ప్యాడు అంచున ఇంకొక చుక్క. పైట చెంగుతో పలచగా రాసింది — పెనానికి రాసినట్టు. డిస్కు నిగనిగలాడింది.

ఆయన వచ్చాడు. టీ తాగాడు. చక్రం ఎక్కించాడు. పెడల్ గట్టిపడేదాకా మళ్ళీ మళ్ళీ తొక్కాడు.

"ముందు నేనొక చుట్టు తిరిగొస్తా."

చెల్లెలు చెయ్యి చాచింది. "తాళం ఇటివ్వు, బావా."

ఆయన ఆ చేతివైపే చూశాడు. ఆ చెయ్యి వణకడం లేదు. కాదనలేకపోయాడు. తాళం ఇచ్చి, పక్క సీట్లో కూర్చున్నాడు.

వీధి వాలుగా ఉంటుంది. చివర మలుపు. మలుపులో గోడ.

ఆమె గేటు దగ్గర నిలబడి చూసింది. బ్రేకు లైట్లు ఎర్రగా వెలిగాయి. కీచుమనలేదు. హమ్మయ్య అనుకుంది — సరిగ్గా అప్పుడే కారు కుడివైపుకు గుంజింది.

గోడ.

వాన.

ఆమె పరుగెత్తి వెళ్ళేసరికి చెల్లెలు రోడ్డు పక్కన కూర్చుని ఉంది. నుదుటిమీంచి రక్తం. ఆయన ఎడమ చక్రం ముందు మోకాళ్ళమీద వంగాడు. చక్రం సందులోంచి వేళ్ళు దూర్చి డిస్కును తాకాడు. వేలు వాసన చూశాడు.

అది ఫ్యాక్టరీ నూనె వాసన కాదు. వాళ్ళింటి వాసన.

తలెత్తాడు. ఆమె చెంగుమీద నల్లటి మరక. దాన్ని చూశాడు. ఆమె ముఖం చూశాడు.

ఒక్క మాట. నేనే, అనే ఒక్క మాట. ఆమె నాలుక చివరిదాకా వచ్చింది...

"నూనె తుడవలేదు" అన్నాడు ఆయన.

"తుడిచావుగా బావా. నేను చూశాను."

"కుడిది తుడిచాను. ఎడమది మర్చిపోయాను. నాదే తప్పు."

చెల్లెలు అరచేత్తో నుదుటి రక్తం తుడుచుకుంది.

"నీ చేతిపని అని కళ్ళు మూసుకుని నమ్మాను, బావా."

ఆయన తల దించుకున్నాడు.

ఆమె చెంగును పిడికిట్లో దాచుకుంది. ఆయన దించుకున్న తల ఆమెది. ఆయన మోసిన మాట ఆమెది. తెలుసు... అయినా పిడికిలి విప్పలేదు.

తర్వాత ఆయన స్పానర్లు ముట్టుకోలేదు. బల్బు మార్చాలన్నా ఎవరినో పిలిచేవాడు. ఆ రోజు సంగతి ఎత్తేవాడు కాదు. ఒక్కసారి అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

ఫోనులో ఎప్పుడు రమ్మన్నా చెల్లెలిది ఒకటే మాట: "ఆ వీధి చూడలేనక్కా. బావ ముఖం అసలే చూడలేను."

అప్పుడైనా చెప్పచ్చు. ప్రతిసారీ అనుకుంటుంది. ప్రతిసారీ — "తిన్నావా?" అంటుంది.

ఇప్పుడు ఆ ఇంట్లో తలుపులన్నీ కీచుమంటాయి. కత్తెర కీచుమంటుంది. నూనెబుడ్డి సొరుగులోనే ఉంది, మూత బిగించి. తడిమట్టి వాసన వచ్చినప్పుడు గాలికి గేటు కదులుతుంది... ఎవరో వచ్చినట్టు. ఆమె లేచి చూస్తుంది.

ఆ మధ్యాహ్నం వాన వెలిశాక, నుదుటికి కట్టుతో, జిప్పు సాఫీగా మూసుకున్న సంచితో, చెల్లెలు బస్సెక్కింది.

మళ్ళీ రాలేదు.