పక్క వాగు పేరు

ట్యాంకు నిండి నీళ్ళు కారుతున్నాయి.

గోడ వెంట జారి, సన్‌షేడ్ మీద పడి, కింద స్కూటర్ సీట్ల మీద చిట్లుతున్నాయి. చిక్కడపల్లిలో మా అపార్ట్‌మెంటు వాళ్ళందరికీ అది వాచ్‌మన్ ఆపడం మరిచిన మోటారు. నాకు మాత్రం వాగు. బాల్కనీలో నిలబడి వింటాను. ఎవరో ఒకరు అరిచేదాకా వింటాను.

వాగు... పడమటి కనుమల్లో, ఎండ నేల దాకా దిగని అడవిలో.

దాని పేరు ఇక్కడ రాయను. మొండిదాన్నే.

1992 ఆగస్టు. నారాయణగూడ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌గా చేరిన కొత్త. పిల్లల్ని వెంటబెట్టుకుని టూర్ వెళ్ళాం. జలగలు సాక్సుల్లో దూరాయి. గొడుగులు విరిగాయి. అంత తడిసి, అంత నవ్విన రోజులు నాకు మళ్ళీ రాలేదు.

అక్కడ చూశాను దాన్ని.

నురుగు పడుతున్న నల్లబండ మీద... ఒక చిన్న కప్ప. గోదురుకప్పల జాతే, కానీ నా బొటనవేలి గోరంత. వీపు బురద రంగు. పొట్ట మీద పసుపు చుక్కలు — ఎవరో తీరిగ్గా కూర్చుని పెట్టినట్టు. నీళ్ళు మీద పడుతున్నా కదలదు. సిటీ బస్సులో కమ్మీ పట్టుకున్న మనిషిలాగా బండను పట్టుకుని ఉంటుంది.

వాగు పొడవునా వెతికాను. పదకొండు. అంతే.

మా హెడ్డు వెంకటరామయ్య గారు కిందినుంచి కేక వేశారు. "ఏమ్మా, కప్పలేమైనా దొరికాయా? పాతిక పట్టుకురా, అన్ని కాలేజీలకూ తలా ఒకటి పంచుదాం!"

మంచి మనిషే. పంచడం ఆయనకు సరదా.

ఒక్కటే తెచ్చాను. అదీ తేకుండా ఉండాల్సింది. సీసాలో పెట్టి, లేబుల్ మీద పక్క లోయలోని వాగు పేరు రాశాను.

తెలిసే రాశాను.

మరుసటి ఏడు హెడ్డుగారు ఆ పక్క వాగుకు వెళ్ళి వట్టి చేతులతో వచ్చారు. "రాజ్యలక్ష్మీ, నీ కప్ప ఇల్లు ఖాళీ చేసి పోయినట్టుందమ్మా" అని స్టాఫ్‌రూములో నవ్వారు. నేనూ నవ్వాను. మిగిలిన పదీ భద్రంగా ఉన్నాయి కదా అని లోపల ఒకటే సంబరం.

ఆ సంబరంతోనే రిటైరయ్యాను. అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లల మధ్య దారి చేసుకుంటూ లైబ్రరీకి నడిచేదాన్ని. వాన పడితే చాలు... ఇప్పుడు అక్కడా పడుతుంటుంది అనుకునేదాన్ని.

నిన్న సృజన్ వచ్చాడు.

నల్లకుంట కుర్రాడు. కప్పల మీద పరిశోధన చేస్తున్నాడు. కాలేజీ మ్యూజియంలో నా సీసా చూసి, ఆ లేబుల్ పట్టుకుని బయల్దేరాడట.

"మూడు వానాకాలాలు తిరిగిన మేడం. ఒక్కటి గూడ దొరకలే. ఇగ అంతరించిందని రాస్తున్న. రాసేముందు మిమ్మల్ని ఒకసారి కలుద్దామని వచ్చిన."

టీ ఇచ్చాను. అసలు వాగు సంగతి చెప్పలేదు. రాసేస్తే మంచిదే, ఇక ఎవరూ వెతకరు... అని కూడా అనుకున్నాను. సిగ్గుగానే చెబుతున్నాను.

అతను మ్యాప్ పరిచాడు. తను తిరిగిన వాగు పొడవునా నీలం చుక్కలు. దాని పక్క లోయలో ఒక ఎర్ర గీత.

అది నా వాగు.

"ఈ గీత ఏమిటి?"

"చిన్న డ్యామ్ కడుతరంట మేడం. ఎవ్వరు అడ్డం చెప్పలే. ఆ వాగుల ఏం లేదని రిపోర్టుల ఉన్నది."

"లేదని ఎవరు చెప్పారు?"

"ఎవ్వరు చెప్పలే. ఉన్నదని ఎవ్వరు రాయలే, గంతే."

గంతే.

దాచడమంటే కాపాడటమే అనుకున్నాను, ముప్పై మూడేళ్ళు. ఆ వాగు తరఫున మాట్లాడటానికి ఒక్క కాగితం కూడా లేకుండా చేసింది నేనే.

చెప్పేశాను. మొత్తం.

సృజన్ ప్యాంటు కొంచెం పైకి జరుపుకుని, పిక్కల మీద జలగల మచ్చలు చూసుకున్నాడు.

"మూడేండ్లు, మేడం" అన్నాడు.

కోప్పడినా బాగుండేది.

తర్వాత ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపాడు. డ్యామ్ మీద అభ్యంతరాలు పంపడానికి సోమవారం ఆఖరట. లేబుల్ మీద ఉన్నది అబద్ధమని, కప్ప దొరికింది ఏ వాగులోనో నా చేత్తో రాసివ్వాలి.

రాశాను. ఇన్నేళ్ళూ పైకి అనని ఆ పేరు అక్షరం అక్షరం పెడుతుంటే ఏడుపొచ్చింది.

మెట్ల దగ్గర ఆగి అడిగాడు. "ఇంక ఉంటయంటరా?"

తెలీదు... పది ఉండేవి.

"వాన వెలిసీ వెలవగానే చూడు నాయనా. పైనుంచి రెండో జలపాతం దగ్గర. బండ కింద చెయ్యి పెట్టకు, ముందు వంగి చూడు. ఎడమ ఒడ్డున నడువు, కుడివైపు జారుతుంది..." చెబుతూనే ఉన్నాను. అతను ఫోన్లో రాసుకుంటున్నాడు. ఆపడం నా వల్ల కాలేదు.

ఒక్కటి కనబడినా ఫోన్ చెయ్యమన్నాను.

ఒక్కటీ కనబడకపోతే... అప్పుడు కూడా, అందరికంటే ముందు నాకే చెయ్యమన్నాను.