నన్ను దాటేసిన నల్లతీగ

నేను ఒక ఆప్టో ఐసోలేటర్‌ను. పేరు పెద్దది గాని మనిషి గోరంత ఉంటాను. నల్లటి ఒంటికి నాలుగు కాళ్లు. నా లోపల ఒక పక్క కంటికి కనిపించని చిన్న దీపం, రెండో పక్క ఆ వెలుగును పసిగట్టే కన్ను ఉంటాయి. మధ్యలో తీగ ఉండదు. కబురు వెలుగుగా దాటుతుంది, కరెంటు మాత్రం దాటదు. నా విలువంతా ఆ ఖాళీలోనే ఉంది.

ఎక్కడో సముద్రాల అవతల ఫ్యాక్టరీలో పుట్టి, నావాళ్లు యాభైమందితో కలిసి ప్లాస్టిక్ గొట్టంలో ప్రయాణం చేసి, చివరికి జనగామలో భాస్కరాచారి బల్ల మీదికి చేరాను. ఆయన నలభై ఏళ్లు రేడియోలు, టీవీలు బాగుచేసిన మనిషి. ముసలితనంలో మైక్రోకంట్రోలర్ అనే బుల్లి కంప్యూటర్ చిప్పు వాడకం నేర్చుకుని, గుడ్లు పొదిగే పెట్టె చేయడానికి పూనుకున్నారు. అది పక్క ఊరి యాకమ్మ కోసం. కొక్కెర తెగులు ఆమె కోళ్లమందను ఊడ్చేస్తే ఆరు పెట్టలు మిగిలాయి. అవి పెట్టిన నలభై గుడ్లూ పిల్లలైతేనే ఆమెకు మళ్లీ మంద.

పెట్టెలో వేడి చూసుకుంటూ బల్బులు వెలిగించి ఆర్పడం, గంటకోసారి మోటారుతో గుడ్లను పొర్లించడం మైక్రోకంట్రోలర్ పని. మోటారు ఆగినప్పుడల్లా తీగల్లో ఒక దెబ్బ పుడుతుంది. అది తాకితే మైక్రోకంట్రోలర్‌కు మతి పోతుంది. ఆ దెబ్బను ఆపేవాణ్ణి ఎంచడానికి ఆచారి మూడు రోజులు కాగితాలు తిరగేశారు. ఆరు కాళ్లవాణ్ణి పక్కన పెట్టారు. మహా వేగంగా పనిచేసేవాణ్ణీ వద్దన్నారు, గంటకోసారి చేసే పనికి అంత తొందర దేనికని. చివరికి నన్ను తీసుకున్నారు. పెళ్లిచూపుల్లో నెగ్గినంత గర్వపడ్డాను.

నాకు అటున్న మైక్రోకంట్రోలర్‌కూ ఇటున్న మోటారుకూ కరెంటిచ్చే అడాప్టర్లు వేర్వేరుగా ఉండాలి. పెట్టె బిగించే రోజున ఆయన దగ్గర ఒక్కటే ఉంది. గుడ్లు పాతబడుతున్నాయని యాకమ్మ గుమ్మంలో నిలబడింది. కరెంటు తిరిగి వెళ్లే నల్లతీగలన్నీ ఒకచోట కలపడం రేడియోల నాటి నుంచీ ఆచారి చేతికి అలవాటు. ఉన్న అడాప్టర్‌తోనే రెండు వైపులకూ కరెంటు ఇచ్చి, ఈ పక్క నల్లతీగకూ ఆ పక్క నల్లతీగకూ వేలెడంత ముక్క అతికించారు. రెండోది తెచ్చాక విప్పేద్దామనుకున్నారు. పెట్టె చక్కగా పనిచేసింది. పనిచేస్తున్నదాన్ని విప్పే మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఆ ముక్క నా పక్కనుంచే వేసిన దొడ్డిదారి. చెప్పడానికి నాకు నోరు లేదు.

పదహారో రోజు ఉదయం మోటారు ఆగగానే దెబ్బ ఆ దారిన వెళ్లి మైక్రోకంట్రోలర్‌ను తాకింది. అది ఉన్నచోటే బిగుసుకుపోయింది. వెలుగుతున్న బల్బులు ఇక ఆరలేదు. చేనికి వెళ్లిన యాకమ్మ మధ్యాహ్నం వచ్చి మూత తీస్తే వేడి ముఖానికి కొట్టింది. కబురందుకుని ఆచారి పరుగున వచ్చారు. ఆమె ఒక గుడ్డు పగలగొట్టి చూపించింది. లోపల నూగు మొలిచిన పిల్ల ఉంది, కదలడం లేదు.

ఆమె ఏడవలేదు. "పెట్టలు పొదుగుడుకు కూసుంటే నేనే లేపిన సారూ, నీ పెట్టె ఉన్నదని," అంది.

ఆచారి మీటరు తీసి మొదట నన్నే అనుమానించారు. నాలో ఏ లోపమూ లేదు. తర్వాత ఆయన వేలు ఆ తీగముక్క దగ్గర ఆగిపోయింది. "తప్పు నీది కాదు యాకమ్మా. ఈ తీగ నేనే ఏసిన," అన్నారు.

ఆయన రెండు అడాప్టర్లతో కొత్త పెట్టె చేసి, అందులో నా తోటివాణ్ణి కూర్చోబెట్టి, ఆమెకు తీసుకెళ్లారు. ఆమె వద్దంది. ఆరు పెట్టలనూ గుడ్ల మీద కూర్చోబెట్టిందట. ఆ పెట్టె దుకాణంలో ఖాళీగా ఉంది.

నేను సొరుగులో ఉన్నాను. ఆ నల్లతీగ ముక్కను ఆచారి నా కాళ్లకే చుట్టి దాచారు. అప్పుడప్పుడు తీసి పరీక్షిస్తారు. దీపం వెలుగుతుంది, కన్ను చూస్తుంది. నేను చెడిపోయి ఉంటే బాగుండేదని ఆయన ముఖంలో కనిపిస్తుంది. నాకూ అలాగే అనిపిస్తుంది.