ఫర్వాలేదండి

ఉప్పెన వెళ్లిన మరుసటేడు. రొమ్ములో గడ్డకు గుంటూరు ఆసుపత్రిలో కరెంటు, అదే రేడియేషను, పెట్టించుకుని ఏడాది దాటాక, దివిసీమ లక్ష్మీకాంతం బందరులో డాక్టరమ్మ ముందు రవిక విప్పి కూర్చుంది. గడ్డ తీసి కరెంటు పెట్టిన ఎడమ రొమ్ము కుంచించుకుపోయి, నల్లగా కమిలి, గట్టిపడింది. డాక్టరమ్మ నొక్కుతుంటే ఇంకెవరి ఒంటినో నొక్కుతున్నట్టుంది ఆమెకు.

"చూడ్డానికి ఎలా ఉందనుకుంటున్నావమ్మా?"

"ఫర్వాలేదండి."

ఉప్పెనకు ఇల్లు కూలినప్పుడు ఎవరడిగినా ఆమె ఇదే మాట అనేది. డాక్టరమ్మ మాత్రం ఆ మాట నిజమనే నమ్మింది.

"సంతోషం. మీ ఆయనేమన్నారు?"

"ఆయన చూళ్లేదండి. గదిలోకి రాగానే లాంతరు మలిపేస్తారు. అసహ్యమేమో."

డాక్టరమ్మ తెర పక్కకు జరిపి, బయట బెంచీ మీదున్న ఆమె భర్త కాంతారావును పిలిచింది. "ఇలా వచ్చి చూడండి."

లక్ష్మీకాంతం పైట లాక్కోలేదు. ఆయన తలొంచుకునే వచ్చాడు. తలెత్తి చూసి తెల్లబోయాడు.

"ఉందేమే! తీసేశారన్నారుగా?"

"గడ్డండీ, తీసింది."

"అదంతా తీసేశారనుకున్నానే. రవికలో గుడ్డలు కుక్కుకుంటున్నావనుకున్నా. చూస్తే బాధపడతావని..."

ఆమెకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఒక్కో హుక్కూ పెట్టుకుంది.

"పదండి, అవనిగడ్డ బస్సు వెళ్లిపోతుంది."