తెర మీది మాట

శ్రావణమేఘములు పగలెల్ల గర్జించి వర్షించి యలసిపోయి పడమటి దిక్కున కొరగుచుండగా, తడిసిన వీథులలో నిలిచిన నీటిపై సాయంతనసూర్యుని యరుణకిరణములు క్షణకాలము మెఱసి మాయుచుండగా, తెనాలి పట్టణమున కాలువగట్టు చేరువనున్న యొక చిన్న యింటి ముందుగదిలో నలువురు వృద్ధనాటకకళాకారులు కుర్చీలు దగ్గఱకు జరుపుకొని గోడనున్న టీవీవంక మొగములు ద్రిప్పి గూర్చుండిరి.

ఆ గృహము పానకాలరాయునిది. ఆతడు యౌవనమున పద్యనాటకములయందు నాయకపాత్రలు ధరించి, కంచుఘంటవంటి కంఠమున రాగమందుకొని ప్రేక్షకులను దెల్లవాఱువఱకు గదలనీయని మేటినటుడు. ఆ ప్రాభవమునకు నేడు మిగిలిన సాక్ష్యము బీరువా యడుగున బూజుపట్టిన యొక నాటకపు వీడియోటేపు మాత్రమే. మేనల్లుడగు శశిధరుడు దానిని బాగుచేయించి, తన లాప్‌టాపులోని కెక్కించి, మామ ముచ్చట దీర్చుటకై హైదరాబాదునుండి వచ్చియుండెను. అతడచట కంప్యూటరు సంస్థలో నుద్యోగి. అట్టివాడు రాగా టీవీలో బొమ్మ వచ్చుట యెంతసేపని యెల్లవారును దలచిరి.

కాని బొమ్మ రాదయ్యెను. శశిధరుడు తీగ యొక కొనను లాప్‌టాపునకును రెండవకొనను టీవీ వెనుకనున్న రంధ్రమునకును దగిలించెను. తెరపై సంకేతము లేదను నక్షరములు మాత్రము తేలియాడెను. తీగ నూడబెఱికి తిరుగవేసెను. రెండు తెరలపై నొకే బొమ్మ కనబడునట్లు మీటలు నొక్కెను. యంత్రము నార్పి మరల వెలిగించెను. అంతయు వ్యర్థమయ్యెను. ముదుసలుల నిరీక్షణము వీపున వేడిగా దగులుచున్నట్లు తోచి అతని నుదుట జెమట పట్టెను.

"ఏరా శశీ, ఆ తీగ పక్క బొక్కలో పెట్టి చూడకూడదూ?" అని పానకాలరాయుడు మెల్లగా నడిగెను.

"మీరు కాసేపు కూర్చోండి మామయ్యా. ఇది మీకు తెలిసే పని కాదు."

వృద్ధుడు రిమోటు చేతబట్టుకొని కూర్చుండెను. శశిధరుడు తన యసామర్థ్యమువలన బుట్టిన లజ్జను విసుగుగా మార్చుకొని, లాప్‌టాపులోనే భార్యకు సందేశము వ్రాయదొడగెను: "ముసలాయన వేషాలు చూడటానికి సెలవు పెట్టుకుని వచ్చాను. ఈ గొంతుల గోల భరించటం నా వల్ల కాదు. టీవీ పాడైందని చెప్పి బయల్దేరతాను."

తీగ రెండవ రంధ్రమున నుండగా టీవీ మొదటి రంధ్రమునకై యెదురుచూచుటయే యింతసేపటి లోపము. పానకాలరాయుడు ఊరకుండలేక రిమోటుపై నొక మీట నొక్కెను, మరల నొక్కెను. తత్క్షణమే లాప్‌టాపు తెర యంతయు గోడమీది టీవీలో మూరెడేసి యక్షరములతో బ్రత్యక్షమయ్యెను.

కాఫీపళ్లెముతో గడపదాటుచున్న అత్త రత్తమ్మ చదివి యచ్చటనే నిలిచిపోయెను. ముదుసలులలో నిద్దఱు చదివి తలలు వంచుకొనిరి. శశిధరుడు తలయెత్తి చూచి, తనవ్రాత తననే చూచుచున్నట్లు గాంచి, చేతులాడక కొయ్యబాఱెను.

వారిలో హార్మోనియము వాయించిన భద్రయ్యకు జూపు పోయి చాలకాలమయ్యెను. "బొమ్మ వచ్చిందా రాయుడూ? ఎవరూ మాట్లాడరేం?" అని అతడడిగెను.

"బొమ్మ ఇంకా రాలేదు భద్రయ్యా. అక్షరాలు వచ్చాయి."

"ఏమని?"

పానకాలరాయుడు తెరనుండి చూపు మరల్పకయే చెప్పెను. "మనల్ని చూడటానికి మావాడు సెలవు పెట్టుకుని వచ్చాడని."

శశిధరుడా వ్రాతను మూసి నాటకము నాడించెను. ధ్వని లాప్‌టాపునుండియే సన్నగా వచ్చుచుండగా, దానిని టీవీకి మార్చి మూల కొదిగి కూర్చుండెను. తెరమీద యౌవనవంతుడైన మామ పద్యమెత్తుకొనగా గది మార్మ్రోగెను. భద్రయ్య వ్రేళ్లు మోకాళ్లపై మెట్లు వెదకెను. రత్తమ్మ కొంగుతో గన్నులొత్తుకొనెను. గోల యని తాను వ్రాసిన యా కంఠము శశిధరుని గుండెను బిండెను. అతడు తలయెత్తలేదు.

నాటకము ముగిసిన పిమ్మట భద్రయ్యను జేయిపట్టి వీథిలోని యాటోవఱకు నడిపించుట అతని పాలబడెను. సగము దూరము పోయి శశిధరుడాగెను.

"పెద్దాయనా, మామయ్య మీకు మొత్తం చదవలేదండీ."

"తెలుసు నాయనా," అని భద్రయ్య శాంతముగా బలికెను. "ముప్పై ఏళ్లు ఆయన పక్కన వాయించాను. పద్యంలో ఓ పాదం మింగేస్తే నాకు తెలీదూ? ఆయన మింగినచోట నేను ఆగకుండా వాయించుకుంటూ పోయేవాణ్ణి. అంతే."

అతడు శశిధరుని చేతిని తడవికొని యొకసారి నొక్కి విడిచి యాటో యెక్కెను.

లోపలినుండి పానకాలరాయుడు, "శశీ, వడ్డించారు, రారా" యని పిలిచెను. ఆ పిలుపున నెప్పటి చనువు లేశమైనను దఱుగకుండుటయే శశిధరునకు మిక్కిలి దుర్భరమయ్యెను. నిందించినవారికి మాఱుపలుకుట కెవనికైనను నోరుండును. ఏమియు ననక యన్నమునకు బిలిచినవారి కేమని బదులు పలుకవచ్చును? శశిధరుడు కాళ్ల బురద కడిగికొని, తలవంచి, లోపలికి బోయి, మామ చూపిన పీటపై గూర్చుండెను.